కత్తిదెబ్బకు ఎన్ని పాచికలు?

బల్ల చుట్టూ చేరి, తలా ఒక పాత్ర పట్టుకుని, పాచికలు వేస్తూ కథ నడిపే ఆటలున్నాయి చూశారూ, వాటన్నిటికీ పెద్దక్క డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగ్యాక్స్, డేవ్ ఆర్నెసన్ దాన్ని తెచ్చినప్పటి నుంచీ ఆడేవాళ్ల మధ్య ఒక పేచీ తెగడం లేదు. పోరాటం నిజంలా ఉండాలా, ఆట చకచకా సాగాలా?

పేచీకి మూలం హిట్ పాయింట్లు. మీ వీరుడికి 60 పాయింట్లు ఉన్నాయనుకోండి. శత్రువు కత్తి తగిలినప్పుడల్లా ఎనిమిది ముఖాల పాచిక వేసి, ఎంత పడితే అంత తగ్గిస్తారు. 59 పోయి ఒక్కటే మిగిలినా మొదట్లో ఎంత చురుగ్గా ఉన్నాడో అంతే చురుగ్గా కత్తి తిప్పుతాడు. ఆ ఒక్కటీ పోగానే కుప్పకూలతాడు. ఇదెక్కడి చోద్యం అని మీరడిగితే తప్పేం లేదు. 1979లో వచ్చిన డంజన్ మాస్టర్స్ గైడ్‌లో గైగ్యాక్స్ దీనికి జవాబిచ్చాడు. ఆ పాయింట్లన్నీ ఒంటి బలమే అనుకోవద్దు, నేర్పూ అదృష్టమూ అందులో కలిసే ఉన్నాయన్నాడు. నాకది సబబుగానే తోస్తుంది. అయితే కత్తి పట్టి చూసినవాళ్లకు హిట్ పాయింట్ల పద్ధతి అంతకుముందు నుంచే చాల్లేదు.

అలాంటివాడే స్టీవ్ పెరిన్. మధ్యయుగపు యుద్ధవిద్యలు సాధన చేసే సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రనిజంలో సభ్యుడు. 1978లో ఆయన బృందం తెచ్చిన ఆట రూన్‌క్వెస్ట్‌లో దెబ్బ చేతికి తగిలిందా, కాలికి తగిలిందా అన్నది కూడా పాచికే తేలుస్తుంది. కాలు బాగా దెబ్బతింటే నిలబడలేరు. కవచం దెబ్బలో కొంత మింగేస్తుంది. ఇదంతా బాగుంది, నిజానికి చాలా బాగుంది. కానీ ఒక్క దెబ్బకు ఎన్ని పాచికలో లెక్కపెట్టండి: కొట్టడానికి ఒకటి, అడ్డుకోడానికి ఒకటి, ఎక్కడ తగిలిందో ఒకటి, ఎంత తగిలిందో ఇంకొకటి.

అక్కడితో ఆగలేదు. 1980లో వచ్చిన ఆర్మ్స్ లా అనే నియమాల పుస్తకం, ఒక్కో ఆయుధానికి ఒక్కో పట్టిక, ఒక్కో పట్టికలో 20 రకాల కవచాలు చూపించింది. 1986 నాటి ఫీనిక్స్ కమాండ్‌లోనైతే తుపాకీ గుండు ఒంట్లో ఏ భాగాన్ని ఎలా ఛేదించిందో వెతుక్కుంటూ పేజీలు తిప్పాలి. ఆ శ్రమ వెనక ఉన్న శ్రద్ధకు దండం పెట్టాల్సిందే. ఒక్కటి మాత్రం ఆలోచించండి. అసలు పోరులో ఆ దెబ్బ పడటానికి క్షణం పట్టదు. పేజీలు తిప్పేసరికి ఆటగాడి గుండెల్లో దడ తగ్గిపోతుంది. దడే లేకపోయాక ఇక దేన్ని నిజం అనాలి?

ఈ తగువు డంజన్స్ అండ్ డ్రాగన్స్ కంటే పాతది. ప్రష్యా సైన్యంలో లెఫ్టినెంట్ రైస్విట్జ్ 1824లో క్రీగ్‌స్పీల్ అనే యుద్ధక్రీడ తయారుచేశాడు. పటం మీద సైన్యాల గుర్తులు, పాచికలు, ఎంత నష్టం వాటిల్లిందో చెప్పే పట్టికలు, తీర్పరిగా ఒక అధికారి. ఆడటం బరువైపోయింది. 1876లో వెర్డీ డు వెర్న్వా పాచికలనూ పట్టికలనూ పక్కన పెట్టి, ఏం జరుగుతుందో అనుభవమున్న తీర్పరే చెప్పాలన్నాడు. ఈయన 1870లో ఫ్రాన్స్‌తో జరిగిన యుద్ధంలో ప్రష్యా సేనాని మోల్ట్‌కే దగ్గర పనిచేసినవాడు. అంటే అసలు యుద్ధం చూసినవాడే పట్టికలు వద్దన్నాడు! ఈ ముక్క చాలామందికి తెలియాలని నా కోరిక. అయితే అందులోనూ చిక్కుంది: తీర్పరి మంచివాడు కాకపోతే ఆటంతా అతని ఇష్టారాజ్యం. అందుకే నియమాలే వద్దనే వాదన కూడా నాకు రుచించదు.

మధ్యేమార్గం ఉందా అంటే, ఉంది. 2002లో జేక్ నార్వుడ్ రాసిన ది రిడిల్ ఆఫ్ స్టీల్ చూడండి. ఈయనా పాతకాలపు ఐరోపా కత్తివిద్య నేర్చినవాడే. పోరు మొదలవగానే ఇద్దరు ఆటగాళ్లూ ఒకేసారి తలా ఒక పాచిక కింద పడేస్తారు. ఎర్రదైతే దాడి, తెల్లదైతే రక్షణ. ఇద్దరూ ఎర్రదే వేస్తే ఇద్దరూ మీదపడినట్టే, ఇద్దరి ప్రాణాలూ పోవచ్చు. గాయాలకు ఆ ఆటలోనూ పట్టికలున్నాయి, అవి నాకంత నచ్చవు. కానీ ఆ మొదటి క్షణంలో ఎదుటివాడి కళ్లలోకి చూస్తూ పాచిక గుప్పిట్లో బిగించడం ఉంది చూడండి, అందులో కత్తియుద్ధం ఉంది. దానికి ఒక్క పేజీ కూడా తిప్పక్కర్లేదు.

కాబట్టి మీ ఆటలో కొత్త పోరాట నియమం చేర్చాలనుకుంటే ముందు ఒకటి గమనించండి. దానివల్ల మీ ఆటగాడు పాచిక వేసే ముందు ఆలోచిస్తున్నాడా, వేశాక పట్టిక వెతుకుతున్నాడా? మొదటిదైతే ఎంత కష్టమైనా ఉంచుకోండి. రెండోదైతే, ఎంత నిజమనిపించినా, తీసేయండి.