సున్నా రూపాయల ఖర్చు

మారుతీ వ్యాను అమ్మిన రోజున మాస్టారు నా చేతిలో మూడు పెట్టారు. తాళాలు, సీ బుక్కు, ఒక లావుపాటి నోటు పుస్తకం. తాళాలూ సీ బుక్కూ జేబులో వేసుకుని, పుస్తకాన్ని డాష్‌బోర్డు అరలో పడేశాను. రెండేళ్ల దాకా దాని మొహం చూడలేదు. చూడనందుకు అయిన ఖర్చు ఇరవై వేల పైమాటే.

మాస్టారు మా హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. నా పరీక్ష కాగితాల మీద సున్నాలు చుట్టిన చెయ్యి అది. ఆయన 1998లో కొత్తగా కొన్న బండిని 2016లో నేను 45,000కి తీసుకున్నాను. సీ బుక్కులో ఓమ్నీ అని ఉంటుంది. 1984లో మార్కెట్లోకి వచ్చినప్పుడు దానికి మారుతీ వ్యాను అనే పేరు. 1988లో పేరు మార్చారు గానీ మా బెజవాడలో ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. కుటుంబమంతా పట్టే బండి అంత చవగ్గా వచ్చిందని నేను మురిసిపోతుంటే మా ఆవిడ ఒకటే మాట అంది. "ఏనుగు చవగ్గా వచ్చింది సరే, మేత సంగతి ఆలోచించారా?"

ఈ బండికి బానెట్టు తీసి ఇంజిన్ చూసే పద్ధతి లేదు. ఇంజిన్ ముందు సీట్ల కిందే ఉంటుంది. 796 సీసీ, మూడు సిలిండర్లు, అప్పటి మారుతీ 800లో ఉన్న పరిమాణమే. దారిలో ఆగిపోతే ముందు మనం దిగాలి, తర్వాత సీటు లేవాలి. చలికాలం పొద్దున చోక్ లాగి బతిమాలితే గానీ కదలదు. ఎండాకాలం కుర్చీ కింద కుంపటి పెట్టుకున్నట్టే.

ఆ కుంపటి రాజుకున్నది 2018 రోహిణి కార్తెలో. ఏలూరు నుంచి వస్తూ హనుమాన్ జంక్షన్ దాటాక టెంపరేచర్ ముల్లు పైకి ఎక్కడం మొదలుపెట్టింది. ఇంకెంత, అరగంటలో ఇంట్లో ఉంటాం కదా అనుకున్నాను. ముల్లు ఎర్ర గీత దాటింది. సీటు కింద నుంచి ఆవిరి లేచింది. వెనక నుంచి మా అత్తగారు, "అల్లుడుగారూ, ఎక్కడో ఇడ్లీ ఉడుకుతున్నట్టుంది" అన్నారు.

బండిని ఆటోనగర్‌కి లాక్కెళ్లాం. షెడ్డులో మెకానిక్ భాయ్ సీటెత్తి, ఆయిల్ చూసే కడ్డీ బయటికి లాగి నా ముందు పెట్టాడు.

"టీ తాగుతారా సార్? బండి పెట్టింది."

కడ్డీ చివర ఆయిల్ నిజంగానే పాలెక్కువైన టీ రంగులో ఉంది. నీళ్ల హోసు పగిలింది. నీళ్లు పోయాక వేడికి ఓర్చలేక, ఇనుప బ్లాకు మీద కూర్చున్న అల్యూమినియం హెడ్డు వంకర పోయింది. మధ్యలో ఉండే గాస్కెట్ కాలి, మిగిలిన నీళ్లు ఆయిల్లోకి దిగాయి. హెడ్డు విప్పి లేతు పనికి పంపి చదును చేయించాలి. గాస్కెట్ సెట్టు, ఆయిలు, కూలెంటు, కూలీ అన్నీ కలిపి 14,600 అయింది. హోసెంత అని అడిగాను. 180 అన్నాడు.

"ముందే ఉబ్బి ఉంటుందే, చూళ్లేదా సార్?"

చూశాను. చూసి, వచ్చే నెల మార్పిద్దామనుకున్నాను. ఆ వచ్చే నెల ఏడు నెలలుగా వస్తూనే ఉంది.

షెడ్డు బల్ల మీద చేసే పనేమీ లేక, కాగితాల కోసం తెరిచిన అరలో మాస్టారి పుస్తకం కనిపిస్తే తిరగేశాను. గుండ్రటి అక్షరాలు, తేదీల వారీగా. పెట్రోలు ఫిల్టరు 40. క్లచ్ కేబుల్ 150. తలుపు రోలర్లకు గ్రీజు 10. కార్బురేటర్ శుభ్రం చేయించుట 120. నీళ్ల హోసు, పాతది మెత్తబడినందున, 90. పద్దెనిమిదేళ్ల పుస్తకంలో వెతికి వెతికి చూసినా వెయ్యి దాటిన అంకెలు పదికి మించలేదు. అవీ ఎక్కువగా టైర్లు, బ్యాటరీలు. నా రెండేళ్లలో అంకెలు తక్కువే. ఉన్నవి మాత్రం ఒక్కొక్కటీ చుక్కలు చూపించినవే.

మధ్యమధ్య ఇంకో రకం పద్దు ఉంది. "వానలో తడిసినందున మ్యాట్లు ఎత్తి ఎండబెట్టితిని: 0." "రేడియేటర్ నీరు సరిచూసితిని: 0." మొదట నవ్వొచ్చింది. ఖర్చు కానిదాన్ని ఖర్చుల పుస్తకంలో రాసేవాణ్ని అంతవరకూ చూడలేదు.

మ్యాట్ల పద్దు అర్థం మర్నాడు తెలిసింది. భాయ్ రబ్బరు మ్యాటు ఎత్తితే కింద ఫ్లోరు రేకులోంచి నేల కనబడింది. నేను వారంవారం గొట్టంతో బండి కడిగి, మెరిసే రంగు చూసుకుని లోపలికి పోయేవాణ్ని. లోపలికి దిగిన నీళ్లు మ్యాటు కింద రెండేళ్లు కాపురమున్నాయి. రేకు అతికి వెల్డింగు చేయించినందుకు మరో ఆరున్నర వేలు.

పది రూపాయల గ్రీజు సంగతి అంతకు ముందే తెలియాల్సింది. బంధువుల పెళ్లికి పెళ్లివారిని మండపానికి తీసుకెళ్లే పని మా వ్యానుకి పడింది. పెళ్లికొడుకు మేనమామ పక్క తలుపుని దర్జాగా జరిపాడు. అరిగిపోయిన రోలరు పట్టాలోంచి జారి, తలుపు ఆయన చేతుల్లోకి వచ్చేసింది. ఆయన దాన్ని అలాగే పట్టుకుని, "దీన్ని ఎక్కడ పెట్టమంటారు?" అని మర్యాదగా అడిగాడు.

పాత బండి ఏదీ చెప్పకుండా చెయ్యదు. క్లచ్ వదిలినప్పుడు వెనక 'టక్' అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసు అరిగిందని అర్థం. అప్పుడే మారిస్తే క్రాసుతో పోతుంది, రేడియో గొంతు పెంచుకుంటే షాఫ్టు దాకా వస్తుంది. గతుకుల్లో కిర్రుమంటే కమాను కట్టల బుష్షులు. పిల్లాడు మొదట ముక్కు ఎగబీల్చి, తర్వాత దగ్గి, ఆ తర్వాతే జ్వరం తెచ్చుకుంటాడు. బండీ అంతే.

ముందు చూపుతో తగ్గని ఖర్చు సర్కారు వారిది. పదిహేనేళ్లు నిండితే ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ తిరిగి చేయించాలి. 2018లో నేను కట్టిన రుసుము 600. 2022 ఏప్రిల్ నుంచి అది 5,000 అయింది, 2023లో కట్టాను. ఇరవయ్యేళ్లు దాటిన వాటికి 2025లో 10,000 చేశారు. 2028లో అదీ నా నెత్తినే. గ్రీన్ టాక్సు వేరు. వెయ్యి సీసీ లోపు కారుకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఏడాదికి 2,094, దానిపైన జీఎస్టీ. ఊళ్లో లీటరుకి పన్నెండు కిలోమీటర్లు వస్తే ఆ రోజు బండికి మూడ్ బాగున్నట్టు. ఇంకో సంగతీ దాచను. ఢీకొంటే మన మోకాళ్లకి ముందున్నది రేకే. కొత్త భద్రతా నిబంధనలు వస్తున్న 2019లో ఈ బండి తయారీ ఆగిపోయింది. అందుకే హైవే ఎక్కడం మానేశాను. కూరగాయలకీ, స్టేషనుకీ, పక్క ఊరి పెళ్లిళ్లకీ తీస్తాను.

ఈలోగా మాస్టారు పోయారు. పుస్తకంలో ఆయన వదిలిన పేజీ నుంచి నేను రాస్తున్నాను. ఫ్యాను బెల్టు, ప్లగ్గులు, ఫిల్టరు. ఏ అంకే మూడు స్థానాలు దాటకుండా ఏడాది గడిస్తే పరీక్ష గట్టెక్కినంత సంబరం.

మొన్న ఆదివారం వాన వెలిశాక మ్యాట్లు తీసి పిట్టగోడ మీద ఆరేశాను. ఫ్లోరంతా గుడ్డతో తుడిచి, పుస్తకం తెరిచి తేదీ వేశాను. మా ఆవిడ భుజం మీంచి తొంగి చూసింది.

"పైసా ఖర్చు కాలేదు కదా, ఏం రాస్తున్నారు?"

"మ్యాట్లు ఎండబెట్టాను" అంటూ, పక్కన సున్నా చుట్టాను. మాస్టారి లెక్కల్లో నేను సంపాదించిన మొదటి మంచి సున్నా అది.