పోస్టింగు వచ్చాక నవ్వుకుందాంలే అనుకున్నాం

కొంచెం పెద్ద పోస్టు. తీరిక ఉన్నప్పుడు చదవండి.

మేము నలుగురం. విశాఖలో ఒక గది అద్దెకు తీసుకుని డీఎస్సీకి చదువుతున్నాం. నలుగురం పాడేరు ఏజెన్సీ వాళ్లమే, ఆశ్రమ పాఠశాలల్లో చదివి వచ్చినవాళ్లమే. గదిలో ఒక రూలు పెట్టుకున్నాం: ఉద్యోగం వచ్చేదాకా ఏదీ వద్దు. సినిమా వద్దు, ఇటుకల పండక్కి ఊరెళ్లొద్దు, చుట్టాల పెళ్లిళ్లు అసలే వద్దు. "పోస్టింగు వచ్చాక చూసుకుందాంలేరా" అన్నది మా ఊతపదం.

ఆ పోస్టింగు సంగతి మీకు తెలిసిందే. ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో ఇచ్చిన జీవో నంబర్ 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. మన ఊరి బడిలో మనమే పాఠం చెప్పుకుంటాం అనుకున్నవాళ్ల లెక్కంతా మారిపోయింది. మేం చదువుతూనే ఉన్నాం, ఎదురుచూస్తూనే ఉన్నాం. నోటిఫికేషన్ కోసం చూసినట్టే సంతోషం కోసం కూడా చూశాం. అదొస్తే ఇదీ వస్తుందనుకున్నాం.

పోయిన డీఎస్సీ జాబితాలో నలుగురిలో ఒక్కడి పేరూ లేదు. ముగ్గురం ఏడ్చి, తిట్టుకుని, నాలుగు రోజులకి మళ్లీ పుస్తకం తీశాం. నాలుగోవాడు మాత్రం మంచం దిగలేదు. అన్నం పెడితే రెండు ముద్దలు తినేవాడు. ఇంటి నుంచి ఫోనొస్తే తీసేవాడు కాదు. ఒక రాత్రి "నేను బతికుండి ఎవరికి లాభం రా" అన్నాడు. ఆ రాత్రి ముగ్గురం వంతులేసుకుని మేలుకున్నాం. తెల్లారగానే వాణ్ని తీసుకుని పాడేరు బస్సెక్కేశాం.

డిసెంబరు నెల. కాఫీ కోత నడుస్తోంది. వాళ్లమ్మ మమ్మల్ని చూసి ఏమీ అడగలేదు. "చలికి వణికిపోయారు, ముందు ఏదైనా తినండి" అంది. మర్నాడు పొద్దున్నే తలో బుట్ట ఇచ్చి తోటకి తీసుకెళ్లింది. సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మంచులో కోత. ఎర్రగా పండినవే తెంపాలి. మాలో ఒకడు తొందరలో పచ్చివి కూడా దూసేస్తుంటే ఆవిడ చేయి పట్టుకుని ఆపింది. "అన్నీ ఒక్కసారి పండవు బాబూ. మళ్లీ వస్తాం కదా" అంది. కాఫీ గురించే అంది. మాకే ఇంకోలా వినబడింది.

మధ్యాహ్నం చోడి అంబలి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. మూడో రోజు మాలో ఒకడు జారిపడి, బుట్టలో పళ్లన్నీ వాలు మీద దొర్లుకుంటూ పోయాయి. అప్పుడు నవ్వాడు మావాడు. నెలన్నర తర్వాత. వాళ్లమ్మతో కువిలో గట్టిగా ఏదో అన్నాడు, ఆవిడా నవ్వింది. అప్పుడు గుర్తొచ్చింది మాకు, గదిలో వాడు ఇంటికి ఫోన్ చేస్తే మేడ మీదకి వెళ్లి మాట్లాడేవాడు. ఎప్పుడో పక్కగది వాళ్లు ఆ భాష విని నవ్వారట. ఏళ్ల తరబడి పక్కపక్కన పడుకుని కూడా అది మాకు తెలియదు.

ఆ సాయంత్రం మంట దగ్గర పక్కింటి పాప పలక తెచ్చి వాడి ముందు కూర్చుంది. ఏడో ఎక్కం చెప్పించుకుంది. పోస్టింగు లేకుండానే.

ఒక్కరోజులో అంతా బాగైపోయిందని చెప్పడం లేదు. తర్వాత ఆస్పత్రిలో డాక్టరుకి చూపించాం. ఇప్పటికీ కొన్ని రోజులు వాడికి బరువుగానే ఉంటాయి. కానీ గదిలో పాత రూలు తీసేశాం. నెలకొకసారి ఎవరో ఒకరి ఊరు వెళ్తున్నాం. ఆదివారం అంబలి మేమే కాస్తున్నాం. సాయంత్రం అరగంట పుస్తకం లేకుండా బీచ్ దాకా నడుస్తున్నాం. కువి ఇప్పుడు గదిలోనే వినబడుతుంది. మేము ముగ్గురం కూడా నాలుగు ముక్కలు నేర్చుకున్నాం, తప్పులు పలికితే వాడికదో వినోదం.

ఉన్నదాంతో సర్దుకుని ఉద్యోగాల మాట మర్చిపోదాం అనడం లేదు. మన పోస్టులు మనం అడగాల్సిందే. అడగాలంటే ముందు మనం నిలబడి ఉండాలి కదా. ఆ నిలబడే బలం ఈ రోజు అంబలిలో, ఈ రోజు మాటలో, ఈ రోజు నవ్వులో దొరికింది మాకు.

మీ గదిలో ఎవరైనా మాట తగ్గించేస్తే ఒంటరిగా వదలకండి. 14416కి ఫోన్ చేయొచ్చు, టెలీ మానస్, డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇది రాయొచ్చా అని వాణ్నే అడిగాం. "రాయండి, పేరు మాత్రం వద్దు. జారిపడ్డోడి పేరు రాయండి" అన్నాడు.

ఈ రోజు మీకు నవ్వు తెప్పించింది ఏమిటో కింద ఒక్క ముక్క రాయండి. చదువుతాం. జోహార్.