గుండె తడబడితే నడక మానాలా?

ఒక్క నిమిషం ఈ పత్రిక ఒళ్లో పెట్టుకుని, ఎడమచేతి మణికట్టు మీద కుడిచేతి మూడు వేళ్లు ఆనించి చూడండి. నాడి గోడగడియారంలా సమంగా కొట్టుకుంటూంటే సంతోషం. అలా కాక ఒక దెబ్బ బలంగా, రెండోది నీరసంగా, మూడోది ఆలస్యంగా, ఆపైన రెండు వెంటవెంటనే, ఇలా ఒక వరసంటూ లేకుండా ఉంటే, మీరూ నా తోటివారేనేమో! డాక్టరుకు చూపించి ఇ.సి.జి. తీయించుకోండి.

నేను ముప్పైఅయిదేళ్లకు పైగా రాజమండ్రిలో వైద్యం చేస్తున్నాను. 2022 సంక్రాంతి వెళ్లిన వారానికి ఈ జబ్బు నాకే పట్టుకుంది. దీన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. గుండెలో పైన రెండు గదులు, కింద రెండు గదులు ఉన్నాయి కదా. పై గదులు క్రమంగా ముడుచుకోవలసింది పోయి, నిమిషానికి మూడు నాలుగు వందలసార్లకు పైగా వణుకుతాయి. అదృష్టవశాత్తూ మధ్యలో ఉన్న ఒక చిన్న కణుపు ఆ వణుకులన్నిటినీ కిందికి పోనివ్వదు. కొన్నిటినే, అదీ తోచినట్టు వదులుతుంది. నాడి తడబాటు అందుకే. పై గదుల్లో రక్తం సరిగా కదలక గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. మా నాన్నగారు పోయింది పక్షవాతంతోనే.

ఆ భయంతో నేనేం చేశానంటారు? రోజూ గోదావరి గట్టున నడిచేవాణ్ణి, మానేశాను. మేడ మీది పడక కిందికి దింపించాను. బజారు పని మా ఆవిడది, వాలుకుర్చీ నాది. నాలుగు నెలల్లో ఆరు కిలోలు పెరిగాను. స్నానాలగది దాకా వెళ్లొస్తే ఆయాసం! అది జబ్బు వల్లే అనుకుని మరింత కూర్చున్నాను.

సిగ్గు విడిచి ఇంకో మాట కూడా చెప్పాలి. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక హెడ్మాస్టరు గారికి ఇదే జబ్బు కనిపిస్తే, "మాస్టారూ, ఇక మీరు గుమ్మం దిగకండి" అన్నాను. ఊరంతా కాలినడకన తిరిగే మనిషి, నా మాట వేదవాక్కుగా పట్టుకుని, తొమ్మిదేళ్లు వరండాలో పడక్కుర్చీకి అంటుకుపోయారు. నా కుర్చీలో నేను కూర్చున్నప్పుడు ఆయన చాలాసార్లు గుర్తొచ్చారు.

చివరికి మా ఆవిడ పోరు పడలేక విశాఖపట్నంలో గుండె స్పెషలిస్టు దగ్గరకు వెళ్లాను. నాకంటే ఇరవై ఏళ్లు చిన్న అమ్మాయి. ఎకో తీయించి కవాటాలు చూసింది, థైరాయిడ్ పరీక్ష చేయించింది. అన్నీ చూశాక, "సార్, మిమ్మల్ని కూర్చోమన్నదెవరు?" అంది.

"నేనే" అన్నాను.

అప్పుడామె ఆస్ట్రేలియాలోని ఎడిలైడ్ పరిశోధన సంగతి చెప్పింది. 2021లో వెల్లడైన ఆ అధ్యయనంలో ఇదే జబ్బున్న 120 మందిని తీసుకుని, కొందరిచేత ఆరు నెలలపాటు వ్యాయామం చేయించారు. మెల్లగా పెంచుతూ వారానికి 210 నిమిషాల దాకా తీసుకెళ్లారు. ఏడాది తర్వాత చూస్తే, వ్యాయామం చేసినవారిలో 40 శాతం మందికి జబ్బు తిరగబెట్టలేదు. చేయనివారిలో అలాంటివారు 20 శాతమే. మిగతా అరవై శాతం సంగతేమిటని మీరడగవచ్చు. నేనూ వారిలోని వాణ్ణే, నా నాడి ఇప్పటికీ అడ్డదిడ్డమే. కానీ ఆయాసం పోయింది, మేడ మీది గదికి మళ్లీ చేరాను. లయ కుదరకపోయినా కండరాలకూ ఊపిరికీ సత్తువ వస్తుంది.

ఎలా నడవాలి? మొదటి వారం చదును నేల మీద పది నిమిషాలు. వారానికో అయిదు నిమిషాలు పెంచుకుంటూ నలభై దాకా, వారంలో అయిదు రోజులు. మొదటి అయిదు, చివరి అయిదు నిమిషాలు నెమ్మదిగా. నాడి లెక్కపెట్టుకుంటూ నడవకండి. ఈ జబ్బులో కొన్ని దెబ్బలు మణికట్టు దాకా చేరనే చేరవు, లెక్క మోసం చేస్తుంది. ఊపిరినే కొలతగా పెట్టుకోండి: పక్కవారితో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. (నేను మామూలుగానే పాడలేను, అది వేరే సంగతి.) ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, అలవాటు లేని ఆయాసం వస్తే అక్కడే ఆగి కూర్చోండి, ఆలస్యం చేయకుండా డాక్టరును చూడండి.

చిన్నప్పటి కీళ్లవాతం జ్వరంతో గుండె కవాటాలు దెబ్బతిన్నవారు, కాళ్లవాపులున్నవారు, కూర్చున్నప్పుడే గుండె పరుగెత్తేవారు ఈ వ్యాసం చూసి చెప్పులు తొడుక్కోవద్దు. ముందు మీ డాక్టరును అడగండి. బాగానే ఉంది కదా అని పరుగు పందేలకూ దిగవద్దు. స్వీడన్‌లో 90 కిలోమీటర్ల మంచు పందెంలో పాల్గొన్నవారిని పరిశీలిస్తే, ఎక్కువసార్లు పరుగెత్తినవారిలోనే ఈ లయ తప్పడం ఎక్కువగా కనిపించింది.

ఇక బిళ్లల సంగతి. నడక మొదలుపెట్టిన మూడో నెలలో, కులాసాగా ఉన్నాను కదా అని రక్తం గడ్డకట్టకుండా వేసుకునే బిళ్ల నాలుగు రోజులు ఎగ్గొట్టాను. డాక్టరునై ఉండీ! గడ్డ ముప్పు నడకతో పోదని రోగులకు రోజూ చెప్పేవాణ్ణే. మా ఆవిడ అట్ట మీద మిగిలిన బిళ్లలు లెక్కపెట్టి కనిపెట్టింది. ఏమీ అనలేదు. మర్నాటి నుంచి ఆ బిళ్లల అట్ట నా నడక బూట్లలో ఉంటోంది. అది తీస్తేగాని కాలు పట్టదు.