చాలు అనగలిగే మోటారు

నీళ్ల మోటారు కొనడం గురించి కూడా వ్రాయాలా అని మిత్రులు నవ్వుకోవచ్చు. కానీ కన్నవాళ్లను సొంత ఊళ్లో ఉంచి, ఉద్యోగరీత్యా ఎక్కడో బతుకుతున్నవాళ్లకు ఈ సంగతి అంత తేలికైనది కాదు. మేడమీది ట్యాంకు నిండిందో లేదో చూడటానికి డెబ్బై రెండేళ్ల మనిషి రోజుకు ఎన్నిసార్లు మెట్లెక్కాలన్నది ఆ మోటారును బట్టే ఉంటుంది.

మా ఇల్లు వరంగల్లులో, ఎనుమాముల వ్యవసాయ మార్కెట్టుకు కూతవేటు దూరంలో ఉంటుంది. పత్తి, మిర్చి వచ్చే కాలంలో ఆ దారినిండా బస్తాల బండ్లే. మిర్చి ఘాటు, పత్తి నూగు, లారీలు లేపే దుమ్ము మా వాకిలి దాకా వస్తాయి. అందుచేత మా వీధిలో తాగడానికి అయ్యే నీళ్లకంటే కడగడానికి అయ్యే నీళ్లే ఎక్కువ. నల్లా నీళ్లు వాటి వేళకు వచ్చి సంపులో పడతాయి. అక్కడి నుంచి మోటారు వాటిని పైకెత్తి పోస్తుంది. ఇన్నాళ్లూ ఆ మోటారును ఆపే వేళ చెప్పినవి మా అమ్మ చెవులే. ట్యాంకు నిండుతున్నకొద్దీ నీళ్లు పడే చప్పుడు మారుతుంది. మెట్ల కింద నిలబడి ఆ చప్పుడు విని, సరిగ్గా సమయానికి మీట నొక్కేది. ఈమధ్య ఆమె వినికిడి తగ్గింది, లారీల రొద మాత్రం తగ్గలేదు. దాంతో చెవుల పని మోకాళ్ల మీద పడింది. పొరుగింటావిడ "అక్కా, నీళ్లు పోతున్నయ్, మోటరు బంజెయ్" అని కేకేసిన రోజున తనకు అన్నం సయించదని ఒకసారి ఫోనులో చెప్పింది.

ఆటోమేటిక్ మోటారు పెట్టిద్దామన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "దానంతటది నడిచే మోటరుతోని మనం పడ్డది చాలదా కొడుకా?" అంది.

ఆమె అన్నది పొలంలోని ఆటో స్టార్టరు గురించి. పల్లెతో సంబంధం లేని మిత్రుల కోసం ఆ కథ కొంచెం చెప్పాలి. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. అయితే కరెంటు ఇచ్చేది రోజుకు కొన్ని గంటలే, అదీ విడతలు విడతలుగా, తరచు రాత్రిపూట. కరెంటు వచ్చిందంటే రైతు టార్చిలైటు పట్టుకొని గట్లమీద నడుచుకుంటూ పోయి మోటారు వేయాలి. పాము కరిచి, షాకు కొట్టి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. ఆ బాధ పడలేకనే రైతులు స్టార్టరు డబ్బాలో మరో చిన్న డబ్బా బిగించుకున్నారు. కరెంటు రాగానే మోటారు తనంతట తానే నడుస్తుంది, పోగానే ఆగుతుంది. దాన్ని కొందరు సోమరితనం కింద జమకట్టారు. మా బాపు అది బిగించిన నాటి నుంచే అమ్మ రాత్రి కంటినిండా నిద్రపోయిందని నాకు తెలుసు.

కానీ ఆ డబ్బాకు తెలిసింది ఒక్కటే: తీగలో కరెంటు ఉందా, లేదా? మడి నిండిందా, బోరులో నీళ్లున్నాయా అన్న ప్రశ్నలు దాని దాకా రావు. కరెంటు ఉన్నంతసేపు తోడుతూనే ఉంటుంది. నీళ్లు మడి దాటి, గట్టు దాటి, బాట మీదికి పారినా దానికి పట్టదు. పక్క పొలాల్లోనూ అదే వరస. ఒక యాసంగిలో మా బోరు ఎండింది. నీళ్లు లేని బోరులో రాత్రంతా ఒట్టిగా తిరిగి మోటారు కాలిపోయింది. అమ్మ మరిచిపోనిది ఆ కాలిన వాసన.

ఇది మా ఒక్క ఇంటి గోడు కాదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలుపెట్టినప్పుడు రాష్ట్రంలో సుమారు 23 లక్షల పంపుసెట్లు ఉండేవి. అంతకుముందు 2017లోనే ఆటో స్టార్టర్లు తీసివేయండని ప్రభుత్వం ఊరూరా చెప్పించింది. కరెంటు వచ్చిన క్షణంలో అన్ని మోటార్లూ ఒక్కసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్లు తట్టుకోలేవు. ఇరవైనాలుగు గంటలూ తోడితే భూగర్భజలం నిలవదు. కరెంటు అరకొరగా ఉన్నప్పుడు ప్రాణం కాపాడిన పరికరమే, కరెంటు నిండుగా వచ్చేసరికి బోరుకు ముప్పుగా మారింది.

ఇదంతా విన్నాక నా పని ఏమిటో స్పష్టమైంది. కరెంటును చూసి నడిచే మోటారుకూ, నీళ్లను చూసి నడిచే మోటారుకూ తేడా ఏమిటో అమ్మకు చెప్పాలి. రెండింటినీ బజారులో 'ఆటోమేటిక్' అనే అంటారు మరి!

నీళ్లను చూసి నడిచే సాధనం కొత్తదేమీ కాదు. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా నగరవాసి క్టెసిబియస్ తన నీటి గడియారంలో నీటిమట్టం మారకుండా తేలే బిరడాను వాడాడు. 1765లో రష్యాకు చెందిన పోల్జునోవ్ ఆవిరియంత్రపు బాయిలరులో నీటిమట్టాన్ని ఫ్లోటుతోనే అదుపు చేశాడు. మన బజారులో దొరికే ఫ్లోటు స్విచ్చి ఆ వంశంలోనిదే. కేబులు చివర గాలి చొరబడని ప్లాస్టిక్ బుడ్డి, అందులో ఒక గుండు, ఒక చిన్న మీట. నీళ్లు తగ్గితే బుడ్డి కిందికి వేలాడుతుంది, మోటారు నడుస్తుంది. నీళ్లు పెరిగితే తేలి తలకిందులవుతుంది, మోటారు ఆగుతుంది. కేబులుకు ఒక చిన్న బరువు తొడుగుతారు. ఆ బరువుకూ బుడ్డికీ మధ్య ఎంత కేబులు వదిలితే, నడిచే మట్టానికీ ఆగే మట్టానికీ మధ్య అంత ఎడం ఉంటుంది. ఆ ఎడమే లేకపోతే చెంబెడు నీళ్లు వాడినప్పుడల్లా మోటారు లేచి కూర్చుంటుంది.

బజారులో ఇంకా చాలా రకాలున్నాయి. ట్యాంకులో స్టీలు కడ్డీలు వేలాడదీసి మట్టం పసిగట్టేవి చూశాను. మా వైపు బోరునీళ్లలో ఉప్పు ఎక్కువ. వేసవిలో వాటినే సంపులోకి వదలక తప్పదు, కడ్డీలకు తెల్లటి పెచ్చు కడితే అవి సరిగ్గా పలకవు. కుళాయి తిప్పగానే నడిచే ప్రెషరు పంపు చూశాను. కరెంటు పోతే దానితోపాటు నీళ్లూ పోతాయి. ఫోనులోంచి నడిపేవీ వచ్చాయి. అవి నాకు ముచ్చటగానే ఉన్నాయి గానీ, అక్కడ ఉండేది నేను కాదు గదా. చెడిపోతే వీధి చివరి ఎలక్ట్రీషియను పది నిమిషాల్లో మార్చగలిగినదే అమ్మకు మేలు. అందుకే ఫ్లోటుకే ఓటు వేశాను. కొన్ని పాత రకాల బుడ్డీల్లో పాదరసం ఉంటుంది. తాగే నీళ్లలో వేలాడేది గనుక అది లేనిదే అడిగి తీసుకున్నాను.

మోటారు విషయంలో దుకాణదారు ఒక హెచ్‌పీ కంటే తక్కువ వద్దన్నాడు. సంపు అడుగు నుంచి ట్యాంకు అంచు దాకా కొలిస్తే పది మీటర్లకు మించలేదు. మోటారు మీది రేకుపలక చదివితే, అంత ఎత్తుకు అర హెచ్‌పీదే హాయిగా సరిపోతుందని తేలింది. వేసవి రాత్రుల్లో వోల్టేజీ పడిపోయినప్పుడు పెద్ద మోటారు లేవడానికి పడే అవస్థ అదనం.

ఇక బిగింపు. ఒక ఫ్లోటు పైట్యాంకులో, రెండోది సంపులో. రెండూ ఒకే తీగ వరుసలో ఉంటాయి. పైది నీళ్లు కావాలని అడగాలి, కిందిది ఇస్తానని ఒప్పుకోవాలి, అప్పుడే మోటారు నడుస్తుంది. సంపు అడుగంటితే పైది ఎంత అడిగినా నడవదు. మోటారు కరెంటు నేరుగా ఫ్లోటు గుండా పోకుండా మధ్యలో కాంటాక్టరు పెట్టించాను. మోటారు లేచేటప్పుడు మామూలుకు ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, ఆ దెబ్బకు చిన్న మీట మాడిపోతుంది. నీళ్లలో వేలాడే తీగ కాబట్టి మంచి ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్లకే తెగే ఆర్‌సీసీబీ తప్పనిసరి. ఇక్కడ వంద రూపాయలు మిగుల్చుకోవాలని ఎవరూ చూడవద్దని మనవి.

రెండు ఫ్లోట్ల సంగతి ఇలా చెబుతుంటే అమ్మ మధ్యలోనే అందుకుంది. "అంటే మత్తడి లెక్కనా?" అని అడిగింది. నేను వెతుకుతున్న మాట అదే. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల మధ్య పుట్టి పెరిగినవాళ్లం. చెరువు నిండితే మత్తడి దుంకుతుంది, మిగులు నీళ్లు కింది చెరువుకు పోతాయి. ఎంత వాన కురిసినా చెరువుకు 'ఇక చాలు' అనే ఒక రాతిగీత ఉంటుంది. పొలాలకు ఎంత వదలాలో తూము దగ్గరి నీరటి చూసుకునేవాడు. నిండుకు ఒక హద్దు, వాడకానికి ఒక కాపు. బోరుబావులు వచ్చాక ఈ రెండూ లేకుండాపోయాయి. భూమి లోపల మత్తడి కనిపించదు, నీరటి ఉండడు. మన చేతికి వచ్చింది తోడే యంత్రం ఒక్కటే, 'చాలు' అన్న మాట దానికి ఎవరూ నేర్పలేదు. ఇంట్లో ట్యాంకుకు గోడలున్నాయి కాబట్టి ఒక బుడ్డి ఆ పని చేసిపెడుతుంది. పొలానికి ఆ బుడ్డి రైతు కన్నే. పడుకున్న రైతు కన్ను స్థానంలో కరెంటు తీగను కూర్చోబెట్టడమే ఆటో స్టార్టరు చేసిన పని.

బిగించి నాలుగు నెలలైంది. ఆటో, మాన్యువల్ రెండు విధాలా నడిపే మీట అమ్మ చేతికి అందే ఎత్తులో పెట్టించాను. సంపు కడిగించే రోజున, పిడుగులు పడే సాయంత్రాల్లో ఆమే బంద్ చేస్తుంది. నెలకోసారి ఫ్లోటును చేత్తో ఎత్తి చూడాలని ఎలక్ట్రీషియను చెప్పిపోయాడు. ఆ పని పక్కింటి పిల్లవాడికి అప్పగించి, వాడు మేడమీద బుడ్డి ఎత్తగానే కింద మోటారు ఆగిందో లేదో తాను చెయ్యి ఆనించి చూస్తుందట. చప్పుడు వినబడకపోయినా అదురు తెలుస్తుంది గదా అంటుంది. మోకాళ్ల నొప్పి ఎట్లుందని మొన్న అడిగితే, ఆ మాట వదిలేసి, "ఈ నెల ఒక్క చుక్క బజార్ల పోలే కొడుకా" అని చెప్పింది.