నీరొచ్చే దారి

మడ అడవిలోకి వెళ్లేటప్పుడు మేము చెప్పులు ఒడ్డునే వదిలేస్తాం. బురద వాటిని ఉండనివ్వదు. పైగా అరికాలికి తెలిసే సంగతులు కొన్ని కంటికి తెలియవు. నేల ఎక్కడ గట్టిగా ఉందో, పోటు నీళ్లు ఎంతవరకు వచ్చి వెళ్లాయో కాలే చెబుతుంది.

మేము యానాదులం. కృష్ణ సముద్రంలో కలిసే చోట, దివిసీమ చివర మా పేట. బురద మీది గీతలు చూసి ఏ బొరియలో పీత ఉందో మా పెద్దలు చెప్పేవాళ్లు. చెట్లనూ అలాగే ఎరుగుదురు. తెల్ల మడ ఆకు నాలుకకు ఉప్పగా తగులుతుంది. చెట్టు తాగిన ఉప్పును ఆకుల్లోంచి బయటికి తోసేస్తుంది మరి. ఉప్పుపొన్న కాయ తల్లి చెట్టుకు వేలాడుతూనే మొలకెత్తుతుంది. తిల్ల కొమ్మ నరికేటప్పుడు మొహం పక్కకు తిప్పుకోవాలి, పాలు పడితే కళ్లు పోతాయి. గట్ల మీది ఇలకూర వండితే ఉప్పు వేయక్కర్లేదు.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి వినకుండా పెరిగిన పిల్లలు మా వైపు లేరు. పదివేల మందికి పైగా పోయారు. అడవి అడ్డం ఉంటే అల జోరు తగ్గుతుందని మా పెద్దలు ఆ రోజు తరవాత మరీ మరీ చెప్పారు.

అయినా 1990ల్లో రొయ్యల చెరువులు వచ్చినప్పుడు వాటి గట్లు వేసింది మా చేతులే. కూలి దొరికింది, వేశాం. ఈ మాట దాచుకోకూడదు. గట్లు లేచాక పాయల్లోంచి పోటు నీరు లోపలికి రావడం మానేసింది. నిలిచిన నీరు ఎండకు ఆవిరై ఉప్పు మిగిలింది. నేల తెల్లబడింది. మడ చెట్లు నిలబడ్డచోటే ఎండిపోయాయి. వాటితో పాటే పీతలు, రొయ్య పిల్లలు పోయాయి.

తరవాత ఆ నేలలోనే మొక్కలు నాటించారు. నాటిందీ మేమే, కూలికే. ఎండాకాలం దాటకుండానే చచ్చిపోయాయి. మా పేటలో ఒక ముసలవ్వ చూసి, "మొక్కలు ఎందుకురా? ముందు నీళ్లకు దారి చూడండి" అంది. ఆ మాట అప్పుడు ఎవరూ రాసుకోలేదు.

ఇప్పుడు మడ అడవులను తిరిగి పెంచే చోట్ల ముందు కాలవలు తవ్వుతున్నారు. పాయ నుంచి ఒక పెద్ద కాలవ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా చిన్న కాలవలు. పైనుంచి చూస్తే చేప ముల్లులా ఉంటుంది. పోటుకు నీరు లోపలికి వస్తుంది, పాటుకు ఉప్పును కడుక్కుని వెళ్తుంది. ఆ తరవాతే మొక్క. అవ్వ చెప్పింది అదే కదా! మేము తవ్విన చోట మొక్క నిలదొక్కుకోక ముందే పీత బొరియలు కనబడ్డాయి. ఆ రోజు మేము పని ఆపి కాసేపు అలా చూస్తూ ఉండిపోయాం.

కానీ లెక్కల పుస్తకంలో మేము కూలీలమే. తవ్విన రోజులు రాశారు, ఎక్కడ తవ్వాలో చెప్పిన మాట రాయలేదు. మా పిల్లల్లో చాలామందికి తెల్ల మడకూ నల్ల మడకూ తేడా తెలియదు. తప్పు వాళ్లది కాదు, మేము వెంట తీసుకెళ్లలేదు.

2006 అటవీ హక్కుల చట్టం సామూహిక అడవిని కాపాడుకునే హక్కు మనకు ఇచ్చింది. పెద్దలు చెప్పిన మాటను రాతలో పెడితే అదీ సాక్ష్యమేనని దాని నియమాలు అంటున్నాయి. అందుకే బడి పంతుళ్లను ఒకటి అడుగుతున్నాం. పాటు వేళ ఒక పూట పిల్లల్ని మా ముసలివాళ్ల వెంట పంపండి. చెట్టు పేరు, అది పెరిగే చోటు, నీరొచ్చే దారి పిల్లల చేతే రాయించండి.

చెప్పులు మాత్రం ఒడ్డునే వదలమని చెప్పండి.