కరిగించరాని బంగారము

బంగారము చేత చిక్కినచో దానిని కరిగించి నగ చేయించుట లోకసహజము. ప్రాచీన నాణెములను సేకరించువాడు మాత్రము అట్లు చేయడు.

ఫ్రాన్సు దేశపు 'ఫ్రాంకు' అను బంగారు నాణెమునే చూడుడు. దాని బరువు 4 గ్రాములైనను లేదు. దానిపై కత్తి దూసి గుఱ్ఱమునెక్కిన రాజు రూపము కలదు. ఆ రాజు రెండవ జాన్. అతడు 1356లో ప్వాతియే యుద్ధమున ఆంగ్లేయులకు చిక్కెను. 30 లక్షల బంగారు నాణెము లిచ్చుటకు ఒప్పుకొని, కుమారులను జామీనుగా నిలిపి, 1360లో విడుదల పొందెను. ఆ యేటనే ఈ నాణెమును వెలువరించెను. ఫ్రాంకు అనగా స్వతంత్రుడని అర్థము. అయితే 1363లో కుమారులలో నొకడు మాట తప్పి పాఱిపోయెను. ఒప్పుకొనిన ధనము సయితము పూర్తిగా చెల్లలేదు. అప్పుడు రాజు తనంతట తానే లండనునకు మరలిపోయి, 1364లో అచ్చటనే కన్నుమూసెను.

ఇంత కథ చెప్పు నాణెమును సేకరించువాడు తోమి మెరుగు పెట్టడు. తోమినచో గీతలు పడి అక్షరములు అరిగిపోవును. అంచులు పట్టి చూచి, తూచి, వివరములు వ్రాసి భద్రపఱచును.

1831లో పారిసు నగరపు రాజగ్రంథాలయమునందలి నాణెముల శాలలో దొంగలు పడిరి. వేలకొలది బంగారు వస్తువులను హరించి, పెక్కింటిని కరిగించిరి. ఆ ముద్దలలో బంగారము తూకమునకు తగ్గలేదు. కాని అవి ఏ రాజు కథయు చెప్పజాలవు.