కొండ కింది సంగటి

తిరుమల కొండ మీద మాంసమూ మద్యమూ నిషిద్ధం. ఆ నిషేధపు హద్దును యాత్రికులు అలిపిరి తనిఖీ కేంద్రం దగ్గర దాటుతారు. దానికి ఇవతల ఉన్న తిరుపతి పట్టణమూ, పట్టణం దాటి చంద్రగిరి, పాకాల, చిత్తూరు వైపు సాగే దారులూ వేరొక వంటకు నెలవు. రాగి సంగటి, నాటుకోడి పులుసు, తలకాయ కూర, బోటి అని బోర్డు మీద రాసుకున్న భోజనశాలలను దర్శనానికి వచ్చినవారిలో చాలామంది బస్సు కిటికీలోంచి చూసి దాటిపోతారు. క్యూలో గడిచిన రాత్రి, వేకువ దర్శనం, లడ్డూ కౌంటరు, మెట్ల దారిన దిగుడు ముగించుకొని చిత్తూరుకు బయలుదేరిన ఒక యాత్రికుడికి చంద్రగిరి దాటాక రోడ్డు పక్కన దొరికిన మధ్యాహ్న భోజనమే ఈ వ్యాసానికి విషయం. కొండపైన చూసినదాన్ని గురించి రాసినవారు అనేకులు. కొండ కింద తిన్నదాన్ని గురించి రాసినవారు తక్కువ, అది ఈ ప్రాంతపు చరిత్ర రచనలోనే ఒక లోటు.

ఆ హోటల్ రేకుల కప్పు కింద వేసిన కొన్ని బల్లలు, వాటికి అటూ ఇటూ ఇరుకైన బెంచీలు, వెనక పెరట్లో కట్టెల పొయ్యిలు, అంతే. ఎండ వేళ రేకుల వేడి నెత్తిమీదికి దిగుతుంది, బెంచీకి వీపు ఆనించుకునే వీలు లేదు, లారీ డ్రైవర్లూ కాలేజీ కుర్రాళ్లూ పెళ్లిచూపులకు పోతున్న కుటుంబమూ భుజాలు రాసుకుంటూ కూర్చోవాలి. అయినా తిరుపతిలోని చల్లగది హోటళ్లలో దొరకని శ్రద్ధ అక్కడి వంటలో ఉంది. పెరట్లోకి వెళ్లి చూడడానికి అనుమతి అడిగితే, సంగటి కెలుకుతున్న పెద్దావిడ "చూసుకోండి సార్, దాచేదేముంది" అని తలైనా ఎత్తకుండా అన్నది.

సంగటి అంటే రాగిపిండినీ బియ్యాన్నీ కలిపి వండే ముద్ద. ముందు నూకలనో, మెత్తగా ఉడికే బియ్యాన్నో ఎసట్లో పోసి, అన్నం పలుకు విరిగి జావగా మారేదాకా ఉడికిస్తారు. తగినంత ఉప్పు వేశాక పైన రాగిపిండిని కుప్పగా పోసి, కలపకుండా మూతపెట్టి, మంట తగ్గించి ఆవిరి మీద మగ్గనిస్తారు. పిండి పచ్చివాసన పోవడమంతా ఈ మగ్గడంలోనే ఉంది, తొందరపడి ముందే కలిపితే ఉండలు కడుతుంది, లోపలి పిండి ఉడకదు. తర్వాత గిన్నెను నేలమీదికి దించి, రెండు పాదాలతో అదిమిపట్టి, పొడవాటి కట్టెతో అంచునుంచి మధ్యకు, అడుగునుంచి పైకి కెలకాలి. ఇది భుజబలంతో కూడిన పని. ఆ పెద్దావిడ కట్టె తిప్పుతున్నంతసేపూ మాట్లాడలేదు, పిండి గిన్నెను వదిలి కట్టెకు చుట్టుకోవడం మొదలైనప్పుడే ఊపిరి వదిలి చెయ్యి తడుపుకున్నది. తడిచేత్తో చేసిన ముద్దలు నున్నగా, ముదురు గోధుమ రంగులో, ఆవిరి వదులుతూ ఆకు మీదికి వచ్చాయి.

నాటుకోడి వంటకు కూడా ఇంతే ఓపిక అవసరం. ఈకలు పీకిన కోడిని మంటమీద కాల్చి, పసుపు రుద్ది కడిగి, ఎముకతోపాటు చిన్న ముక్కలుగా కొడతారు. ఆ కాల్చిన వాసన పులుసులో చివరిదాకా నిలుస్తుంది. ధనియాలు, ఎండుమిరపకాయలు, గసగసాలు, కొబ్బరి, చెక్క, లవంగాలు, వెల్లుల్లి వేయించి రోట్లో నూరిన ముద్దను ఎర్రగడ్డలతో (ఉల్లిపాయలకు ఈ సీమలో వాడే పేరు) కలిపి నూనెలో వేయించి, ముక్కలు వేసి, నీళ్లు ధారాళంగా పోసి మరిగిస్తారు. ఊళ్లో తిరిగి గింజలు ఏరుకు తిన్న కోడి కండ గట్టిది, ఫారం కోడిలా కాసేపట్లో మెత్తబడదు. కాబట్టి పులుసు ఎక్కువసేపు మరుగుతుంది, మరిగినకొద్దీ ఎముకలోని సారం నీళ్లలోకి దిగుతుంది. వడ్డించినప్పుడు ముక్కలు కొన్నే ఉంటాయి, పులుసు మాత్రం అడిగినంత పోస్తారు. ముద్దను వేళ్లతో తుంచి, బొటనవేలితో చిన్న గుంట నొక్కి, పులుసులో ముంచి మింగాలి. యాత్రికుడు దాన్ని అన్నంలా నమలబోతే పెద్దావిడ చూసి, "నమలబాకండి సార్, అద్దుకొని మింగేయండి, అప్పుడే గొంతులో దిగతాది" అని సరిదిద్దింది. ఆ మాట నిజం. నమిలితే రాగిపిండి పంటికి అంటుకుంటుంది, మింగితే పులుసు కారమూ ముద్ద వేడీ ఒకేసారి గొంతు దిగుతాయి.

ఈ భోజనంలో మాంసం స్థానం ఏమిటో తెలియాలంటే దాన్ని మాంసానికే పట్టం కట్టిన భోజనశాలలతో పోల్చి చూడాలి. జూదానికి అనుమతి ఉన్న దేశాల్లో కాసినో హోటళ్లకు అనుబంధంగా తరచు స్టేక్ హౌస్ అనేది ఉంటుంది. స్టేక్ అంటే పశుమాంసాన్ని, ముఖ్యంగా గోమాంసాన్ని, మందమైన ముక్కగా కోసి నిప్పుమీద కాల్చి వడ్డించేది. అమెరికాలోని నెవాడా రాష్ట్రం 1931లో జూదాన్ని చట్టబద్ధం చేసింది, 1941లో లాస్ వేగాస్ శివారు రహదారి మీద ఎల్ రాంచో వేగాస్ అనే హోటల్ వెలిసింది, ఆ రహదారే తర్వాత కాసినోలకు ప్రపంచ ప్రసిద్ధమైంది. అతిథి జూదపు బల్లకు దూరంగా పోకూడదు గనుక పడక, వినోదం, తిండి అన్నీ ఒకే కప్పు కింద ఉంచారు. తిండిలో నష్టం వచ్చినా బల్లల దగ్గర రాబట్టుకోవచ్చన్న లెక్కతో భోజనాన్ని చౌకగా పెట్టడం కూడా చాలాకాలం సాగింది. మన దేశంలో గోవా 1992లో అయిదు నక్షత్రాల హోటళ్లలో జూదపు యంత్రాలకు అనుమతినిచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1974 నాటి గేమింగ్ చట్టం జూదగృహాలను నిషేధించింది, 2020లో సవరణ ద్వారా ఆన్‌లైన్ ఆటలనూ అందులోకి తెచ్చారు. కనుక తిరుపతిలో కాసినో హోటల్ ఊహకు కూడా రాదు. అయినా పోలిక పూర్తిగా వ్యర్థం కాదు, ఎందుకంటే లాస్ వేగాస్ లాగే తిరుపతి కూడా వచ్చిపోయేవారి మీద బతికే ఊరు, అటువంటి ఊరు అతిథికి ఏం పెడుతుందన్నది దాని స్వభావాన్ని చెబుతుంది.

స్టేక్‌లో మాంసమే భోజనం, ధాన్యం పక్కవాద్యం. సంగటి భోజనంలో ధాన్యమే భోజనం, మాంసం దానికి రుచినిచ్చే సారం. వానలు తక్కువైన మెట్టసీమలో కోడిని కోసేది పండక్కో, చుట్టం వచ్చినప్పుడో. ఒక్క కోడి ఇంటిల్లిపాదికీ సరిపోవాలంటే కండను పంచడం కుదరదు, సారాన్ని పంచాలి. పులుసు పలుచగా ఉండటానికి కారణం ఇదే, పిసినారితనం కాదు. చుట్టానికి ముక్కా, పిల్లలకు పులుసూ చేరి, ఎవరి ముద్దా ఉత్తిగా మిగలకుండా చూసిన ఇల్లాళ్ల తెలివి ఈ వంటలో ఉంది, దాన్ని తక్కువ రకం వంటగా చూసేవారు పొరపడుతున్నారు.

రాగి ఈ సీమలో పుట్టిన పంట కాదు. తూర్పు ఆఫ్రికా ఎత్తుభూముల్లో మొదట సాగై వేల ఏళ్ల క్రితం భారతదేశానికి చేరిన ఈ ధాన్యం దక్కను మెట్టపొలాల్లో స్థిరపడింది; తక్కువ నీటితో పండుతుంది, ఏళ్ల తరబడి నిల్వ ఉన్నా పురుగు పట్టదు, కరువు సీమకు ఇంతకంటే నమ్మకమైన గింజ లేదు. వంద గ్రాముల రాగుల్లో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, బియ్యంలో ఉండేది అందులో చాలా చిన్న వంతే. అయినప్పటికీ సంగటి తినే ఇల్లు పేద ఇల్లనీ, వరి అన్నం తినేది కలిగిన ఇల్లనీ తరతరాలుగా అనుకున్నారు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక ఆకలి తీరిన మాట నిజమే గాని, దానితోపాటు పల్లె పొయ్యి మీదనుంచి సంగటి గిన్నె దిగిపోవడమూ నిజమే. భారతదేశం ప్రతిపాదన మీద ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరపడంతో రాగికి గౌరవం తిరిగివచ్చింది. అయితే ఆ గౌరవం ముందుగా పట్టణపు హోటళ్లకు చేరింది. పండించిన రైతుకు ఎప్పుడు చేరుతుందన్నది ఆలోచించవలసిన విషయం.

వరికీ రాగికీ ఉన్న ఈ అంతరం కొండకూ కిందికీ ఉన్న అంతరం కూడా. తిరుమల తిరుపతి దేవస్థానం 1930లలో ప్రచురించిన శాసన సంపుటాలను చదివితే విజయనగర కాలపు దానాల్లో అధికభాగం నైవేద్యం కోసమేనని తెలుస్తుంది. దాత ఇచ్చిన ధనాన్ని ఆలయం తన గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించడానికి వినియోగించేది, నీరు పారి పెరిగిన పంటతో దాత పేరున నిత్యమూ ప్రసాదం వండేవారు, నివేదించిన ప్రసాదంలో నాలుగో వంతు దాతకు చెందేది. చరిత్రకారుడు బర్టన్ స్టైన్ 1960లో ఈ ఏర్పాటును పరిశీలించి, మధ్యయుగపు ఆలయం వ్యవసాయానికి పెట్టుబడి సమకూర్చిన సంస్థ అని నిరూపించాడు. దేవుడి పళ్లెంలోని వరి వెనక అంత నీరు, అంత ధనం ఉన్నాయి. ఆ కాలువలు చేరని పొలాలు రాగి పండించాయి, వాటిని దున్నినవారు సంగటి తిన్నారు.

కొండమీది అన్నదానాన్ని చిన్నబుచ్చడం ఇక్కడ ఉద్దేశం కాదు. 1985లో మొదలైన నిత్యాన్నదానం 2011 నుంచి భక్తకవయిత్రి తరిగొండ వెంగమాంబ పేరు పెట్టిన భవనంలో సాగుతోంది. విశాలమైన హాళ్లలో ఒక్కో పంక్తికి వందలమంది కులమూ హోదా అడగకుండా కూర్చుని ఉచితంగా తినడం ఈ దేశంలో చూడదగిన గొప్ప దృశ్యాల్లో ఒకటి. ఆ అన్నం తిన్న యాత్రికుడే కింద సంగటి తిన్నాడు, రెండింటిలోనూ కడుపు నింపాలన్న తపన ఒకటే అనిపించింది.

కొండమీది శాకాహారానికీ కింది మాంసాహారానికీ వైరం ఉందనుకునేవారు తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరను చూడాలి. ఏటా మే నెలలో వచ్చే ఈ జాతరలో గంగమ్మను వేంకటేశ్వరుడి చెల్లెలిగా భావిస్తారు, ఆమెకు దేవస్థానం పక్షాన సారె వెళ్తుంది. జాతర జరిగే వారమంతా మొక్కుకున్నవారు బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషాలతో వీధుల్లో తిరుగుతారు. మగవాళ్లు చీర కట్టి, పూలు ముడిచి అమ్మవారి ముందుకు వస్తారు. అమ్మవారికి పొంగళ్లు పెడతారు, కోళ్లు, పొట్టేళ్లు ఇస్తారు, రాగిపిండితో కాచిన అంబలి పోస్తారు. ఎండలు ముదిరిన నెలలో చల్లటి అంబలి తల్లి ఉగ్రాన్నీ ఒంటి తాపాన్నీ చల్లారుస్తుందని నమ్మకం. ఈ జాతరను ఏళ్లపాటు పరిశీలించిన పరిశోధకురాలు జాయిస్ ఫ్లూకిగర్ 2013లో దాని మీద ఒక గ్రంథమే ప్రచురించింది. అన్న కొండమీద పప్పన్నం ఆరగిస్తాడు, చెల్లెలు కింద కోడినీ అంబలినీ అందుకుంటుంది, ఏ ఇంటివారికీ అందులో తప్పు కనబడదు. ఒకే ఇల్లు శనివారం గోవిందనామం చెప్పి ఆదివారం నాటుకోడి వండుతుంది. ఈ సర్దుబాటు రాజీ కాదు, తిరుపతి తన దేవుళ్లను అర్థం చేసుకున్న తీరు. కొండ మాత్రమే చూసి వెళ్లేవారికి ఇందులో సగమే తెలుస్తుంది.

అరవ నాడుతో కలిసిమెలిసి బతికిన సీమ గనుక ఇక్కడ మరో ఆచారం ఉంది. సెప్టెంబరు మధ్యనుంచి అక్టోబరు మధ్యదాకా నడిచే తమిళ నెల పెరటాసి వేంకటేశ్వరుడికి ప్రీతి అని చాలా ఇళ్లలో ఆ నెలంతా మాంసం ముట్టరు, ముట్టేవారు కూడా శనివారాలు మానేస్తారు. అప్పుడు ఈ హోటళ్ల గతి ఏమిటని చెయ్యి కడుక్కుంటూ యాత్రికుడు అడిగితే పెద్దావిడ రెండో గిన్నె పొయ్యి మీదికి ఎక్కిస్తూ జవాబు చెప్పింది: "కోడి నిలిపేస్తాము సార్. ఆకులు ఏసి పుల్లగూర ఎనుపుతాము, శెనక్కాయల ఊరిబిండి నూరతాము. సంక్రాంతి దగ్గరకొస్తే అనపకాయలొస్తాయి, పితికిపప్పు చేస్తాము. సంగటి మాత్రం ఎప్పుడొచ్చినా ఉంటాది, రాండి."